ఎంచినవాడిదే ఋణం

చీరాలలో ప్యాసింజరెక్కి బాపట్ల వైపు వెళ్తుంటే ఈపూరుపాలెం దాటాక స్టువర్టుపురం వస్తుంది. చిన్న స్టేషను. 2018 ఏప్రిల్‌లో ఆ ఊరి కుర్రాడు రాగాల వెంకట్ రాహుల్ ఆస్ట్రేలియా గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచాడు. 85 కిలోల విభాగంలో స్నాచ్ 151, క్లీన్ అండ్ జర్క్ 187, మొత్తం 338 కిలోలు. అంతకు నాలుగేళ్ల ముందు, పదిహేడేళ్ల వయసులో, నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చాడు. తండ్రిదీ బరువులెత్తిన ఒళ్లే. కొడుకులో పస కనిపెట్టి చిన్నతనంలోనే హకీంపేట క్రీడా పాఠశాలకి పంపారు. అక్కడినుంచి గోల్డ్‌కోస్ట్ దాకా వెళ్లాడు ఆ పిల్లవాడు.

ఆ వారమంతా చీరాల చుట్టుపక్కల బడుల్లో ఇదే మాట. నేను అప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పిల్లలకి పేపర్లో ఫొటో చూపించి చప్పట్లు కొట్టించాను. స్టాఫ్‌రూంలో ఒక పెద్దాయన, ఎంతో మంచి మనసుతోనే, “ఈ ఒక్క పతకంతో ఆ ఊరి మచ్చ చెరిగిపోయిందమ్మా” అన్నారు. అందరూ తలూపారు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఇప్పటికీ పడదు.

ఏం మచ్చ? 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టారు. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరే ఊరి పేరయింది. హాజరు పలకాలి, పాసు లేకుండా పొలిమేర దాటకూడదు. ఎవరు ఏం చేశారని కాదు, ఎవరికి పుట్టారని. ఉయ్యాలలో ఉన్న బిడ్డ పెద్దయ్యాక ఏమవుతాడో పుస్తకంలో ముందే రాసిపెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, మాట మాత్రం నోళ్లలో మిగిలిపోయింది.

సెటిల్‌మెంటు నడిపింది సాల్వేషన్ ఆర్మీ. నేను క్రైస్తవురాలిని, కాబట్టి ఈ ముక్క నేనే చెప్పాలి. ఎంతటి పాపికైనా, ఎవరికైనా రక్షణ ఉందని ఆ సంఘం విశ్వాసం. అందరికీ తలుపు తెరిచే ఉందని ఆదివారం బోధించేవాళ్లు, సోమవారం పొద్దున పుట్టుకను బట్టి హాజరు పట్టీ తీశారు. వాళ్లు బడి పెట్టారు, వైద్యం చేశారు, కాదనను. కానీ నమ్మిన సిద్ధాంతాన్ని తమ చేతిలోని పట్టీయే ఖండిస్తుంటే, ఆ సంగతి వాళ్లకెందుకు తట్టలేదో నాకు అర్థం కాదు. 1970లలో కవి జాషువా గారి కూతురు హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి ఆ ఊరికి వెళ్లి మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్లు నాస్తికులు. దేవుణ్ణి నమ్మనివాళ్లు వచ్చి మీ పుట్టుకతో మాకు పని లేదన్నారు. ఈ సంగతి తలుచుకుంటే విశ్వాసిగా నాకు సిగ్గేస్తుంది.

కనుక ఆ ఊరికి చెరపాల్సిన మచ్చ ఏదీ లేదు. రాహుల్ ఏ పతకం గెలవకపోయినా, ఆ ఊళ్లో పుట్టిన ఏ బిడ్డయినా నిర్దోషే. పతకం తెస్తేనే మచ్చ పోతుందంటే, తేలేని పిల్లలందరి మీదా అది ఉన్నట్టేగా.

ఇక్కడినుంచే నా అసలు ప్రశ్న మొదలవుతుంది. ‘పుట్టుదొంగ’ అన్న మాటకి మనం భయపడ్డాం, మంచిదే. ‘పుట్టు ఛాంపియన్’ అన్న మాటకి మాత్రం మురిసిపోతాం. బిడ్డను చూసి వీడు దీనికోసమే పుట్టాడని చెప్పే అధికారం మొదటివాళ్లకి లేనప్పుడు, రెండోవాళ్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా వాడరేవులోనే, మా వీధిలోనే ఒక పిల్ల ఉంది. మొన్న పదో తరగతి రాసింది. తండ్రి బోటు మీద వేటకెళ్తాడు, తల్లి చీరాల మార్కెట్లో చేపలమ్ముతుంది. పిల్ల అయిదడుగుల పదంగుళాలు. బాస్కెట్‌బాల్ రింగు పదడుగుల ఎత్తున ఉంటుంది. ఈ పిల్ల చెయ్యెత్తి నిలబడితే కోచ్‌ల కళ్లు అక్కడే ఆగిపోతాయి.

రిటైరయ్యాక కూడా సాయంత్రం బడి ఆవరణలో పిల్లల్ని ఆడిస్తాను. అక్కడే ఆమెకి వర్టికల్ జంప్ చూశాం. గోడ పక్కన నిలబెట్టి, వేళ్లకి సుద్దపొడి రాసి, మడమలు లేపకుండా చెయ్యి పైకెత్తమంటాం. అందినచోట ఒక గుర్తు. తర్వాత మోకాళ్లు వంచి, ఉన్నచోటే ఎగిరి ఇంకో గుర్తు. రెండు గుర్తుల మధ్య టేపు పెట్టి కొలుస్తాం. హకీంపేటలోనైనా, కడప దగ్గర పుట్లంపల్లిలోనైనా నాలుగో తరగతి పిల్లల్ని క్రీడా పాఠశాలలోకి తీసుకునేటప్పుడు ఇలాంటివే చూస్తారు: ఎత్తు, బరువు, ముప్పై మీటర్ల పరుగు, నిలబడినచోటినుంచి దూకే దూరం, షటిల్ రన్, మెడిసిన్ బాల్, 800 మీటర్లు. మంచి పరీక్షలే. ఈ రోజు ఈ ఒళ్లు ఎంత చేయగలదో నిజాయితీగా చెబుతాయి. గోడ మీది గుర్తుకి అంతవరకే తెలుసు. ఆ పిల్ల బతుకు దేనికోసమో గుర్తుకి తెలియదు, టేపు పట్టుకున్న నాకూ తెలియదు.

జిల్లా మీట్‌లో ఆమె ఆట చూసి విజయవాడ వైపునుంచి ఒక ప్రైవేటు కాలేజీ కోచ్ వచ్చాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, కాబట్టి తండ్రి కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఇంటర్ రెండేళ్లూ ఫీజు లేదు, హాస్టలు ఉచితం, బూట్లూ బట్టలూ వాళ్లవే. స్పోర్ట్స్ కోటా గురించీ చెప్పాడు. ప్రభుత్వ ఉద్యోగాల్లో దాన్ని 2 నుంచి 3 శాతానికి పెంచారు, నేషనల్స్ సర్టిఫికెట్ ఒకటి చేతిలో పడితే రైల్వేలోనో పోలీసులోనో దారి దొరుకుతుందని. అబద్ధం ఏమీ చెప్పలేదు. మర్యాదస్తుడే.

ఆయన వెళ్లాక తల్లి మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది. “టీచరమ్మా, దేవుడు ఆడపిల్లకి ఇంత ఎత్తు ఊరికే ఇస్తాడా? దీనికోసమే పుట్టించాడేమో. పంపకపోతే పాపం తగలదా మాకు?” అంది. అంతకుముందు ఆదివారమే వాళ్ల పాస్టరుగారు మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలోని తలాంతుల ఉపమానం చెప్పారట. యజమాని ఒకడికి అయిదు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి ఇచ్చి దేశాంతరం వెళ్తాడు. ఒక్కటి తీసుకున్నవాడు భయపడి భూమిలో పాతిపెడతాడు, చివరికి వెళ్లగొట్టబడతాడు. ఆమె భయమంతా అదే. బిడ్డను ఇంట్లో ఉంచుకుంటే, పాతిపెట్టినట్టు అవుతుందేమోనని.

ఆమెతో ఆ సాయంత్రం అన్నదే ఇక్కడా రాస్తున్నాను. ఆ కథలో యజమాని ఇచ్చింది పెద్దవాళ్లకి. లెక్క అడిగిందీ పెద్దవాళ్లనే. బిడ్డ తలాంతు కాదు, తలాంతు అందుకున్న మనిషి. నీ చేతిలో పెట్టిన సొమ్ము నువ్వేం చేశావని అడగడం వేరు. నువ్వే సొమ్మువి, ఎవరో ఒకరు నిన్ను వడ్డీకి తిప్పాలి అనడం వేరు. పదిహేనేళ్ల పిల్లకి ఆ ఉపమానం చెప్పి భయపెట్టడం సువార్తని తలకిందులు చేయడమే అని నా నమ్మకం.

బైబిల్లో ఎంపిక గురించి నేరుగా చెప్పిన కథ వేరే ఉంది. సమూయేలు ప్రవక్త కాబోయే రాజుని అభిషేకించడానికి బేత్లెహేములో యెష్షయి ఇంటికి వస్తాడు. పెద్దకొడుకు ఏలీయాబు నిలబడితే, ఆ ఎత్తూ ఆ రూపూ చూసి ఇతడే అనుకుంటాడు. ఎత్తు చూడవద్దని, మనుషులు చూసేది పైరూపమేనని దేవుడు అంటాడు. ఏడుగురు కొడుకులు వరసగా ముందుకొచ్చి వెళ్తారు. ఎనిమిదోవాడు గొర్రెల దగ్గర ఉన్నాడు, అతణ్ణి పిలవాలని తండ్రికే తోచలేదు. ప్రసంగాల్లో అందరూ దావీదు దగ్గరికి వెళ్లిపోతారు. నేను సెలక్షన్లలో నిలబడ్డదాన్ని కాబట్టి నా చూపు ఏలీయాబు మీద ఆగిపోతుంది. తర్వాతి అధ్యాయంలో అతను మళ్లీ కనిపిస్తాడు. యుద్ధభూమిలో తమ్ముడు కనపడగానే మండిపడతాడు, గొర్రెల్ని ఎవరికి వదిలేసి వచ్చావని నిలదీస్తాడు. ప్రవక్త కళ్లముందు నిలబెట్టి, కొలిచి, నువ్వు కాదని పక్కకి పంపేసిన మనిషికి ఆ కోపం ఎక్కడిదో బైబిలు వివరించదు. కానీ ఆ కోపాన్ని రాయడం మరిచిపోలేదు. సెలక్షన్ల రోజు సాయంత్రం అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని తిరిగి వెళ్లిపోయే తొమ్మిదేళ్ల పిల్లల ముఖాల్లో నేను దాన్ని చూశాను.

మా పుట్టిల్లు తెనాలి. చర్చికి ఎంత నిష్ఠగా వెళ్లేవాళ్లమో, పద్యనాటకానికీ అంతే నిష్ఠగా వెళ్లేవాళ్లం. కాబట్టి నాకు భారతం కూడా సొంతమే. తెలుగువాళ్లకి ఎంపిక కథ అంటే కర్ణుడిదే. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కర్ణుడు అర్జునుడికి ఎదురు నిలబడతాడు. కృపాచార్యుడు కులగోత్రాలు అడుగుతాడు. సుయోధనుడు లేచి అక్కడికక్కడే అంగరాజ్యం కట్టబెడతాడు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఆ ఘట్టానికి ఈలలు వేయని హాలు లేదు. పుట్టుకను బట్టి మనిషిని తూచకూడదన్న మాట ఎవరి నోట వచ్చినా సత్యమే, నేనూ చప్పట్లు కొడతాను. కానీ ఆ కిరీటం వెనక ఉన్న అవసరాన్ని చూడకుండా ఉండలేను. అర్జునుడికి సాటి నిలిచే విలుకాడు కావాలి, దొరికాడు. బదులుగా ఏం కావాలని కర్ణుడు అడిగితే స్నేహం చాలంటాడు సుయోధనుడు. రాజ్యం ఒక్క పూటలో ఇచ్చేశాడు, స్నేహాన్ని మాత్రం కర్ణుడు జీవితమంతా చెల్లిస్తూనే ఉన్నాడు. కృష్ణుడు వచ్చి జన్మరహస్యం చెప్పి, పెద్ద పాండవుడివి నువ్వే, రాజ్యం నీదే అన్నా కదలలేకపోయాడు. ఉప్పు తిన్నాను అన్నది అందుకు ఒక ముఖ్య కారణం. నిండు సభలో ఒక ఆడమనిషికి జరిగిన అన్యాయానికి నోరు కలిపాడంటే, ఆ ఋణం అతని వివేకాన్ని ఎంత తినేసిందో చూడండి. కర్ణుడి కృతజ్ఞతని మనం గొప్ప గుణంగా చెప్పుకుంటాం. అందులో గొప్పతనం ఉంది. కానీ ఆ కృతజ్ఞతని వాడుకున్నవాడిని ఎవరూ లెక్క అడగలేదు.

మన సంప్రదాయంలో మనిషికి పుట్టుకతోనే మూడు ఋణాలు: దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. ఆటలో ముందుకొచ్చిన పిల్లకి ఇంకో మూడు తోడవుతాయి. కోచ్ నిన్ను తీర్చిదిద్దాడు, కాలేజీ నిన్ను పోషించింది, ఊరు నీ మీద ఆశ పెట్టుకుంది. పిల్ల ఎవరెవరికి బాకీనో చెప్పడానికి పదిమంది ఉంటారు. పిల్లకి ఎవరు బాకీ అన్న లెక్క మాత్రం ఎవరూ తీయరు. ఒక బిడ్డను వందమందిలోంచి వేరుచేసి, ఊరు దాటించి, నిద్రా తిండీ చదువూ మోకాళ్లూ అన్నీ ఒక్క ఆటకి ఒడ్డేలా చేసినవాడు ఆ క్షణంలోనే అప్పుపడ్డాడు. పిల్ల గెలిస్తే తీరిపోయే అప్పు కాదది. ఓడినప్పుడే దాన్ని తీర్చే రోజు వస్తుంది.

పిల్లల్ని అసలు ఎంచవద్దా అంటే, ఎంచాలి. తొమ్మిదేళ్ల బిడ్డ తనంతట తాను హకీంపేట వెళ్లలేడు. కొన్ని ఆటలకి ఒళ్లు లేతగా ఉన్నప్పుడే పునాది పడాలి. ఎవరూ చూడకపోతే పేదింటి పిల్లకి ఎత్తు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎంచే చెయ్యి లేకపోతే మా ఇసకదిబ్బల మీదినుంచి ఎవరూ బయటికి రారు. పూర్వజన్మ వాసన అనండి, దేవుడి కృప అనండి, తాతల ఎముకలు అనండి, ప్రతిభ ఎక్కడినుంచో వచ్చింది, పిల్ల సంపాదించుకున్నది కాదు. ఒప్పుకుంటాను. పిల్ల సంపాదించనిది కాబట్టి మనదైపోతుందా? పిల్ల చేతికి వచ్చింది, అంతే. మిగతావాళ్లం చూసినవాళ్లం.

ఇదే ప్రశ్న అమెరికాలో కోట్ల డాలర్లలో నడుస్తోంది. 2025లో హైస్కూలు ముగించిన బాస్కెట్‌బాల్ కుర్రాళ్లలో మొదటి ర్యాంకు ఏజే డిబాంట్సాది. ఆరడుగుల తొమ్మిదంగుళాలు. 2024 డిసెంబరులో అతను టీవీలో కూర్చుని యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చేరతానన్నాడు. అది మోర్మన్ చర్చి నడిపే విశ్వవిద్యాలయం. అక్కడి విద్యార్థులు మద్యం, పొగాకుతో పాటు టీ, కాఫీ కూడా ముట్టమని సంతకం చేస్తారు, వాళ్ల జట్లు ఆదివారం ఆడవు. ఆ కుర్రాడు ఆ చర్చి సభ్యుడు కాడు. అతనికి అందే మొత్తం లక్షల డాలర్లలో ఉంటుందని పత్రికలు రాశాయి. 2021 జులై నుంచి అక్కడి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా, మొదటి ఏడాది మొత్తం 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా, ఆటగాళ్లకి పంచవచ్చు. ఆదివారాన్ని డబ్బుకోసం వదలని సంస్థ అంటే నాకు గౌరవమే. అలాంటి చర్చి కాలేజీ కూడా ఒక పిల్లవాడి కోసం ఈ పోటీలో నిలబడింది.

డబ్బుకంటే నన్ను ఆకట్టుకున్నది అక్కడి ఇంకో సంగతి. 2015 జనవరిలో వాళ్ల అయిదు పెద్ద లీగుల కాలేజీలు ఓటు వేసి ఒక నియమం పెట్టుకున్నాయి: ఆట బాగోలేదన్న కారణంతో ఎవరి స్కాలర్‌షిప్పూ ఆపకూడదని. ఎంచినవాడి ఋణాన్ని కాగితం మీద ఒప్పుకోవడం అంటే ఇది. ధర్మశాస్త్రం పేరెత్తకుండా ధర్మం చేశారు.

మన దగ్గర ఆ ఋణాన్ని సొంతంగా ఎత్తుకున్న మనిషి ఒకరున్నారు. పుల్లెల గోపీచంద్ పుట్టిన నాగండ్ల ఇప్పుడు మా బాపట్ల జిల్లాలోదే. అన్న ఐఐటీకి వెళ్లాడు, తనకి ఇంజినీరింగ్ సీటు రాలేదు, రాకపోవడమే అదృష్టమని ఆయనే చెప్పుకున్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఒక కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటన ఇస్తామంటే పిల్లలకి మంచిది కాదని వద్దన్నారు. ఇల్లు తాకట్టుపెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టారు. సైనా, సింధు, శ్రీకాంత్ అక్కడివాళ్లే. అంతటి మనిషి 2025 ఫిబ్రవరిలో ఏమన్నారు? డబ్బున్న ఇల్లో, సొంత వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టమని తాను సలహా ఇవ్వనన్నారు. పైకి రాలేకపోయినవాళ్లకి వెనక ఏమీ మిగలడం లేదని ఆయన బాధ. చాలామంది ఆయన్ని తప్పుపట్టారు, పేదపిల్లల్ని నిరుత్సాహపరిచారని. నాకు ఆ మాటలో వినిపించింది వేరు. వందలమంది పిల్లల్ని ఎంచి, వాళ్లలో ఎక్కువమంది పేరు లేకుండా వెళ్లిపోవడం కళ్లారా చూసిన గురువు ఆయన. ఆ బరువుతోనే మాట్లాడారు.

ఇక మా పిల్ల సంగతి. ఇంతమంది మాట్లాడుతుంటే ఆమెని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. కొంచెంసేపు కాలిబొటనవేలితో ఇసకలో గీసి, “ఆడటం ఇష్టమే టీచర్. వాళ్లు ఎంపీసీ అంటున్నారు. నాకు లెక్కలు రావు. సీఈసీ అయితే వెళ్తా” అంది. అంత స్పష్టంగా ఉంది పిల్ల. ఆ కాలేజీలో సీఈసీ ఉందో లేదో కూడా పెద్దవాళ్లం ఎవరమూ కనుక్కోలేదు.

ఆ రాత్రే కోచ్‌కి ఫోన్ చేశాను. ఆడపిల్లలకి ఎగిరి దిగేటప్పుడు మోకాలిలోపలి లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిలకంటే రెండు మూడు రెట్లు ఎక్కువని క్రీడావైద్యులు చెబుతారు. తెగితే ఆపరేషనూ, దాదాపు ఏడాది విశ్రాంతీ. ఆ ఏడాది ఫీజు ఎవరు కడతారు? ఆయన, “మేం చూసుకుంటాం మేడం, మన పిల్లే కదా” అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. రేపు ఆయన ఉద్యోగం మారితే ఆ మాటను ఎవరు నిలబెడతారు? అందుకే మూడు విషయాలు కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మన్నాను. గాయమైనా, ఆట తగ్గినా రెండేళ్లూ ఫీజు, హాస్టలు ఆగకూడదు. గ్రూపు పిల్ల ఇష్టం. మధ్యలో ఆట మానేస్తానంటే టీసీ, సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదు. మేనేజ్‌మెంటుతో మాట్లాడి చెబుతానన్నారు.

ఈ వేసవిలో పిల్లల్ని ఎంచడానికి ఊళ్లు తిరుగుతున్న కోచ్‌లకి, ప్రిన్సిపాళ్లకి, నా తోటి పీఈటీలకి ఒక విన్నపం. మీకు నచ్చిన బిడ్డ ఇంటికి వెళ్లేముందు ఇలాంటి కాగితం ఒకటి జేబులో పెట్టుకు వెళ్లండి, అడగకముందే ఇవ్వండి. అమ్మానాన్నలూ, చదవడం రాకపోతే చదివించుకునైనా సరే, ఆ కాగితం చేతికి రానిదే పిల్లని బస్సెక్కించకండి. పాస్టరుగారూ, పూజారిగారూ, దేవుడు దేనికి పుట్టించాడో ఆ బిడ్డకి మీరు చెప్పకండి. ఆమెకి ఏం ఇష్టమో అడగండి.

జూన్‌లో కాలేజీలు తెరుస్తారు. ఆలోగా ఉత్తరం వస్తే ఆమె విజయవాడ వెళ్తుంది. రాకపోతే చీరాలలోనే సీఈసీలో చేర్పించాలని తల్లిదండ్రులు నిర్ణయించారు.